విడిచివెళ్లే ఖర్చు

కంప్యూటరో ఫోనో కొనేటప్పుడు మన ఇళ్లలో మూడు ప్రశ్నలు తప్పకుండా వినిపిస్తాయి: ఎంతకొస్తుంది, ఎన్నాళ్లు మన్నుతుంది, పాడైతే ఎక్కడ బాగుచేస్తారు. వాకాడులాంటి తీరప్రాంతపు ఊళ్లో మూడో ప్రశ్నకు బరువెక్కువ. పెద్ద కంపెనీ సర్వీస్ సెంటర్ కావాలంటే నెల్లూరుకో తిరుపతికో బస్సెక్కాలి, ఒక రోజు పని పోగొట్టుకోవాలి. మూడూ మంచి ప్రశ్నలే. వీటి పక్కన ఉండాల్సిన నాలుగో ప్రశ్న మాత్రం ఎవరి నోటా రాదు. రెండేళ్ల తర్వాత ఇది వద్దనుకుంటే, దీన్ని వదిలి ఇంకోదానికి మారడానికి నాకెంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు బిల్లు మీద కనిపించదు. కొన్నరోజున దాదాపు సున్నా ఉంటుంది, వాడేకొద్దీ పెరుగుతూ పోతుంది. ఒకే కంపెనీ వస్తువును మళ్లీ మళ్లీ కొంటూ దాన్ని మన అభిరుచి అనుకుంటాం గానీ, చాలాసార్లు ఆ కొనుగోలు వెనక ఉన్నది ఈ ఖర్చే. దీన్ని ముందే లెక్కవేయడం నేర్చుకున్నవారికి తమ డబ్బు మీదా, తమ పని మీదా పట్టు చిక్కుతుంది. ఈ అధ్యాయంలో నేర్చుకోవలసింది ఆ ఒక్క లెక్క.

రొయ్యల గుంటలున్న మన తీరంలో ఈ సంగతిని కొత్తగా చెప్పనక్కర్లేదు. డీలరు దగ్గర మేత అప్పుకు తెచ్చుకునే రైతు, రొక్కమిచ్చి కొనేవాడికంటే బస్తాకు ఎక్కువే కడతాడు. పక్క కంపెనీ మేత చవగ్గా దొరుకుతుందని తెలిసినా మారలేడు. మారాలంటే ముందు పాత బాకీ తీర్చాలి. చూసేవాళ్లకు అతనికి ఆ మేత మీద గురి కుదిరినట్టు కనిపిస్తుంది, నిజానికి అతన్ని అక్కడ నిలిపింది బాకీ. కంప్యూటర్ల విషయంలో ఆ బాకీ రూపాయల్లో ఉండదు. ఏళ్లతరబడి దాచుకున్న ఫొటోలు, ఒకే ప్రోగ్రాములో తెరుచుకునే ఫైళ్లు, డబ్బుపెట్టి కొన్న యాప్‌లు, ఒకే కీబోర్డుకు అలవాటుపడిన వేళ్లు, మనతో పనిచేసేవాళ్లంతా వాడే పద్ధతి, ఇవన్నీ కలిసి ఆ బాకీ అవుతాయి. కార్ల్ షపీరో, హాల్ వేరియన్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు 1998లో వచ్చిన 'ఇన్ఫర్మేషన్ రూల్స్' పుస్తకంలో వ్యాపారులకు ఈ లెక్కే నేర్పారు: ఖాతాదారు విలువను కొలవాలంటే, అతను మిమ్మల్ని వదిలివెళ్లడానికి ఎంత ఖర్చవుతుందో చూడండి అని. కొనేవాళ్లకూ వాళ్లు ఒక సలహా ఇచ్చారు. చిక్కుకోకముందే గట్టిగా బేరమాడుకోమన్నారు. వేరియన్ ఆ తర్వాత గూగుల్‌కు ప్రధాన ఆర్థికవేత్తగా పనిచేశారు. అమ్మేవాళ్లు ఇంత శ్రద్ధగా వేసే లెక్కను కొనేవాళ్లు అసలు వేయకపోవడమే మన బలహీనత.

తెలుగు డీటీపీ నేర్పిన పాఠం

దీనికి తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గరి సాక్ష్యం, కంప్యూటర్‌లో పేజీలు కట్టే డీటీపీ సెంటర్లలో దొరుకుతుంది. 1990ల నుంచి తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లిపత్రికలు చాలావరకు ఒకే దారిలో తయారయ్యాయి. విండోస్ కంప్యూటరు, అందులో అడోబీ పేజ్‌మేకర్, దానికి తోడు 'అను' ఫాంట్లు. ఆ రోజులకు అది తెలివైన ఎంపికే. అక్షరాలు అందంగా, రకరకాలుగా ఉండేవి, ప్రెస్సులవాళ్లు అడిగేవీ అవే. అయితే అలాంటి ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత స్థానాలు లేవు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలుగా అమర్చి ఉండేవి. తెర మీద తెలుగే కనిపిస్తుంది, కాగితం మీద తెలుగే పడుతుంది. ఫైలు లోపల ఉన్నది మాత్రం రోమన్ గుర్తుల గుంపు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. అందులో ఒక పేరు వెతకాలన్నా, ఒక పేరా తీసి ఈమెయిల్‌లో పెట్టాలన్నా కుదరదు.

విరుగుడు అప్పటికే పుట్టింది. ప్రపంచ భాషల అక్షరాలకు విడివిడిగా స్థానాలిచ్చే ఉమ్మడి ప్రమాణం యూనికోడ్. 1991లో వచ్చిన దాని మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు సొంత స్థానాలున్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగును చూపించగలిగింది. అదే ఏడాది పేజ్‌మేకర్ 7 వచ్చింది. ఆ తర్వాత అడోబీ దానికి కొత్త వెర్షన్ తేకుండా ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. తయారుచేసినవాడే వదిలేసిన ప్రోగ్రామును మన డీటీపీ రంగం మాత్రం ఇరవయ్యేళ్లు దాటినా పూర్తిగా వదల్లేదు. ఎవరి దగ్గర చూసినా కారణం సబబుగానే కనిపిస్తుంది. ఆపరేటరుకు అను కీబోర్డు మీద వేళ్లు పరుగెడతాయి, కొత్తది నేర్చుకునేదాకా రోజుకు కట్టే పేజీలు తగ్గుతాయి, పేజీలు తగ్గితే కూలి తగ్గుతుంది. ప్రచురణకర్తకు పాత పుస్తకాల ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. ప్రెస్సుకు వచ్చే పని అంతా అదే రూపంలో వస్తోంది. యూనికోడ్‌లో శీర్షికలకు పనికొచ్చే ఫాంట్లు చాలాకాలం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. అందరూ ఒక్కసారి కదిలితే అందరికీ లాభం. ఎవరైనా ఒక్కరే కదిలితే నష్టమంతా ఆ ఒక్కరిదే. అందుకే ఎవరికివారు పక్కవాడు కదిలేదాకా ఆగారు.

ఆ ఆగడానికి మూల్యం చెల్లించింది భాష. 2000ల తొలి ఏళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఒక పత్రిక చదవడానికి దించుకున్న ఫాంటు ఇంకో పత్రికకు పనికొచ్చేది కాదు. ఇంటర్నెట్‌లో వెతికినా ఆ వార్తలు దొరికేవి కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపించడానికి వెన్న నాగార్జున ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం 'పద్మ' అనే పనిముట్టు తయారుచేయాల్సి వచ్చింది. లేఖిని లాంటి ఉచిత టైపింగ్ సాధనాలు, పోతన, రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఉచిత ఫాంట్లు ఒక్కొక్కటిగా వచ్చాక గానీ దారి సుగమం కాలేదు. ఇక్కడ ఎవరినీ తప్పుపట్టాల్సిన పనిలేదు. గుర్తుంచుకోవలసింది మాత్రం ఒకటుంది. యంత్రం అయిదేళ్లకో పదేళ్లకో పోతుంది, ప్రోగ్రాము కంపెనీ ఇష్టం ఉన్నన్నాళ్లే ఉంటుంది, మీరు రాసుకున్నది మాత్రం మీ తర్వాత కూడా ఉండాలి. ఎక్కువకాలం బతకాల్సినదాన్ని తక్కువకాలం బతికేదాని చేతిలో పెట్టామా అని చూసుకోవడమే విడిచివెళ్లే ఖర్చును లెక్కవేయడం.

ఏ గొలుసు ఎవరిని కడుతుంది

ఇప్పుడు మన ముందున్నవి ఇంకా పెద్ద వ్యవస్థలు. ఆపిల్ ఫోను, గడియారం, కంప్యూటరు, క్లౌడ్ ఒకదానితో ఒకటి చక్కగా మాట్లాడుకునేలా కట్టింది. గూగుల్ ఆండ్రాయిడ్‌ను జీమెయిల్, ఫొటోలు, మ్యాపులు, ప్లేస్టోర్‌తో అల్లింది. మైక్రోసాఫ్ట్ విండోస్‌కు ఆఫీస్‌ను, వన్‌డ్రైవ్‌ను జతచేసింది. ఈ అల్లికలో మన సౌకర్యం ఎంత నిజమో, వాళ్ల వ్యాపార లెక్క కూడా అంతే నిజం. ఎపిక్ గేమ్స్ అనే సంస్థ 2020లో ఆపిల్ మీద వేసిన కేసులో బయటపడిన ఈమెయిళ్లు ఆ లెక్కను చూపించాయి. ఆపిల్ సందేశాల సేవ ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కూ ఇవ్వాలన్న ఆలోచన 2013లో వచ్చినప్పుడు, అలా చేస్తే ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనివ్వడానికి ఉన్న అడ్డు తొలగిపోతుందని సంస్థలోని ఒక ఉన్నతాధికారి అభ్యంతరం చెప్పారు. మన దేశంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబర్‌లో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఫోన్ తయారీదారులు ప్లేస్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌లన్నిటినీ కలిపి ఎక్కించుకోవాల్సి రావడం అందులో ఒక ముఖ్య ఆరోపణ. అప్పీలు విన్న ట్రిబ్యునల్ 2023 మార్చిలో కొన్ని ఆదేశాలను కొట్టేసినా జరిమానాను నిలబెట్టింది.

ఒకే గొలుసు అందరినీ ఒకేలా కట్టదు. అమెరికాలో పిల్లల్ని ఐఫోన్‌కు కట్టిపడేసిన ఐమెసేజ్‌కు వాకాడులో పట్టు లేదు. ఇక్కడ చుట్టాలూ, వ్యాపారులూ, బడి గ్రూపులూ వాట్సాప్‌లో ఉంటాయి, వాట్సాప్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంటుంది. మన గొలుసులు వేరు. దుకాణం లెక్కలు, జీఎస్టీ పనులు ట్యాలీలో నడుస్తాయి. ట్యాలీ విండోస్ కోసం తయారైన ప్రోగ్రాము కాబట్టి దుకాణదారు, అకౌంటెంటు, ఆడిటరు ముగ్గురూ విండోస్‌తోనే ఉండిపోతారు. ఫోను పాడై కొత్తది కొన్నప్పుడు పాత నంబర్లు, ఫొటోలు తిరిగి రావాలంటే గూగుల్ ఖాతా కావాలి, అందుకని ఆండ్రాయిడ్‌లోనే ఇంకో ఫోను కొంటారు. వాట్సాప్‌కూ ఒక ముడి ఉండేది. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు పాత సంభాషణలు తీసుకెళ్లే అధికారిక మార్గం 2022 దాకా లేదు. ఇలా ఎవరి గొలుసు ఎక్కడుందో వాళ్లే వెతుక్కోవాలి. నగరంలోని చుట్టం చెప్పాడనో, ప్రకటన బాగుందనో కొనేటప్పుడు జరిగే పొరపాటు ఇదే. ఆ సలహా ఇచ్చినవారి గొలుసు వేరు, మనది వేరు.

బయటి గొలుసులకు తోడు మనసు కూడా ఒక ముడి వేస్తుంది. కానమన్, నెట్ష్, థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరు విద్యార్థులకు కాఫీ కప్పులిచ్చి, వాటిని ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు అందనివారిని ఎంతకు కొంటారని అడిగారు. నిమిషాల క్రితం చేతికొచ్చిన కప్పుకే దాని సొంతదారులు, కొనేవారికంటే దాదాపు రెట్టింపు ధర చెప్పారు. అది కప్పు గొప్పతనం వల్ల జరగలేదు, సొంతం కావడం వల్ల జరిగింది. నిమిషాల సొంతమే ఇంత చేస్తే, ఆరేళ్లు చేతిలో ఉన్న ఫోను సంగతి చెప్పనక్కర్లేదు. నా ఫోనే మంచిదని వాదించేటప్పుడు మనం సమర్థించేది చాలాసార్లు వస్తువును కాదు, మన పాత నిర్ణయాన్ని. ఈ సంగతి తెలిసిన మనిషి పక్కవాడి ఫోన్‌ను వెక్కిరించడు, తన ఫోన్‌ను గుడ్డిగా వెనకేసుకురాడు.

తలుపు తెరిచి ఉన్నప్పుడు

విడిచివెళ్లే ఖర్చు తగ్గితే ఏమవుతుందో మన దేశమే చూపించింది. 2011 జనవరి 20కి ముందు మన దగ్గర ఫోన్ కంపెనీ మారాలంటే నంబరు వదులుకోవాలి. వ్యాపారికి నంబరు పోవడమంటే బేరాలు పోవడమే. అందుకే సిగ్నల్ లేకపోయినా, బిల్లు ఎక్కువైనా భరించేవారు. ఆ రోజున దేశమంతటా నంబర్ పోర్టబిలిటీ రావడంతో నంబరు కంపెనీ సొత్తు కాకుండా వాడుకునేవారి సొత్తయింది. డబ్బు చెల్లింపుల్లోనూ అంతే. 2016 ఏప్రిల్‌లో యూపీఐ మొదలుకాకముందు ఒక కంపెనీ వ్యాలెట్‌లోని డబ్బు ఇంకో కంపెనీ వ్యాలెట్‌కు వెళ్లేది కాదు. ఇప్పుడు చేపల దుకాణంలో ఫోన్‌పే బోర్డు ఉన్నా గూగుల్ పే నుంచి డబ్బు పడుతుంది. తలుపు తెరవగానే జనమంతా వెళ్లిపోలేదు, చాలామంది పాత కంపెనీలోనే ఉన్నారు. అయితే వాళ్లు ఉండటానికి కారణం మారింది. వెళ్లగలిగీ ఉండేవారి కోసం కంపెనీ రోజూ కష్టపడాలి. నిజమైన విశ్వాసానికి అర్థం అప్పుడే వస్తుంది.

ఉమ్మడి ప్రమాణం ఇచ్చే రక్షణ ఏమిటో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరమే చూపించింది. ఐఫోన్లను నడిపే ఐఓఎస్ 11.2.5లో ఉన్న లోపం వల్ల 'జ్ఞా' ఒక ప్రత్యేక కూర్పులో వచ్చిన సందేశం ఐఫోన్‌లో కనిపించగానే యాప్‌లు కుప్పకూలేవి, కొన్నిసార్లు ఫోనే మొరాయించేది. ప్రపంచమంతా ఆ అక్షరం గురించి మాట్లాడుకుంది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ఆ అక్షరాన్ని చూపించడంలో తడబడింది ఒక్క కంపెనీ వ్యవస్థ. అక్షరం మాత్రం యూనికోడ్‌లో రాసినది కాబట్టి చెక్కుచెదరలేదు, వేరే ఫోన్లలో మామూలుగానే తెరుచుకుంది. పాత ఫాంట్ల ఫైళ్లకు ఈ భరోసా లేదు. యంత్రాలు తప్పులు చేస్తూనే ఉంటాయి. మన పని ఒక్క యంత్రం చేతిలోనే ఉండకపోతే ఆ తప్పులు మన పనిని ముంచవు.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఒకే కంపెనీ వస్తువులన్నీ కలిసి హాయిగా పనిచేస్తుంటే ఈ తంటా ఎందుకని అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. నాలుగు వస్తువులు కలిసి పనిచేయడం వల్ల రోజూ మిగిలే సమయానికి విలువ ఉంది, దానికోసం ఎక్కువ ధర పెట్టడం తెలివితక్కువ పని కాదు. ఈ అధ్యాయం చెప్పేది ఆ ధరను పూర్తిగా తెలుసుకుని పెట్టమని మాత్రమే. హాయి ఈరోజుది, విడిచివెళ్లే ఖర్చు రేపటిది. రెండూ కూడి చూసి, అయినా ఇదే కావాలంటే నిశ్చింతగా కొనండి. పండితుల్లోనూ ఈ వాదం ఉంది. క్వెర్టీ కీబోర్డు మేలైనది కాకపోయినా ముందు వచ్చినందువల్లే పాతుకుపోయిందని పాల్ డేవిడ్ 1985లో రాశారు. దానికి పోటీగా వచ్చిన కీబోర్డు అంత మెరుగైనదనడానికి బలమైన ఆధారం లేదని లీబోవిట్జ్, మార్గోలిస్ 1990లో ఎదురు చెప్పారు. రెండు వాదాల నుంచీ మనం తీసుకోవలసింది ఒకటే. చాలామంది వాడుతున్నారన్నది మంచిదనడానికీ రుజువు కాదు, చెడ్డదనడానికీ కాదు. మన పనితో పోల్చి చూసుకోవలసిందే.

పెద్ద కంపెనీ కదా, ఎక్కడికి పోతుందని మరికొందరి ధీమా. పోనక్కర్లేదు, దాని దారి మారితే చాలు. పేజ్‌మేకర్‌ను పెద్ద కంపెనీయే వదిలేసింది. 2025 అక్టోబర్ 14న మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11కు కావలసిన టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం, కొత్త ప్రాసెసరు లేని కంప్యూటర్లు బాగానే నడుస్తున్నా వెనకబడ్డాయి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబ్‌లు ఇచ్చింది. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ట్యాబ్‌లు ఇచ్చేనాటికి దేశంలోనే అతిపెద్ద విద్యా సాంకేతిక సంస్థల్లో అదొకటి. పిల్లల చదువు కంపెనీ జాతకం మీద ఆధారపడకూడదు. ఏ వస్తువు కొన్నా, దాన్ని తయారుచేసిన కంపెనీ రేపు లేకపోయినా మనకు మిగిలేదేమిటని అడగడం అపశకునం పలకడం కాదు, ముందుచూపు.

ఇదంతా డబ్బున్నవారి చర్చ, పదిహేను వేల ఫోను కొనేవారికి ఎంపిక ఎక్కడిదన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. మన దేశంలో స్మార్ట్‌ఫోన్లలో నూటికి తొంభైకి పైగా ఆండ్రాయిడే, దానికి ధరే మొదటి కారణం. నిజమే. కానీ పొరపాటు కొనుగోలును మరుసటి ఏడాది సరిదిద్దుకోలేనిది కూడా ఆ కుటుంబమే. అందుకే ఈ లెక్క వాళ్లకే ఎక్కువ అవసరం. పైగా ఇందులో చాలా జాగ్రత్తలకు పైసా ఖర్చు లేదు. తెలుగును యూనికోడ్‌లో టైపు చేయడం ఉచితం. గూగుల్‌లో దాచినదంతా దించుకునే టేక్ఔట్ సదుపాయం 2011 నుంచి ఉచితంగానే ఉంది. కంప్యూటరు పాఠానికి విండోసే కావాలన్నదీ నిజం కాదు. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లతరబడి లినక్స్ అనే ఉచిత వ్యవస్థ మీదనే పిల్లలకు కంప్యూటర్ నేర్పుతున్నాయి.

కొనేముందు, కొన్నాక

వాకాడు నుంచి ఒక విద్యార్థి దగ్గర్లోని విద్యానగర్ ఎన్.బి.కె.ఆర్. కళాశాలలోనో మరోచోటో ఇంజనీరింగ్‌లో చేరుతున్నాడనుకోండి. లాప్‌టాప్ పేరు ఎంచుకోకముందు నాలుగేళ్లలో చేయబోయే పని రాసుకోండి. సి, జావా, పైథాన్ నేర్చుకోవడానికి ఏ వ్యవస్థ అయినా చాలు. సాలిడ్‌వర్క్స్ డిజైన్ ప్రోగ్రాము వాడాల్సిన మెకానికల్ విద్యార్థికి విండోస్ కావాలి. ఐఫోన్ యాప్‌లు తయారుచేయాలనుకునేవారికి ఎక్స్‌కోడ్ అనే ప్రోగ్రాము కోసం ఆపిల్ మ్యాక్ కావాలి. పనిని బట్టి వ్యవస్థ, వ్యవస్థను బట్టి కంపెనీ, ఆ తర్వాతే మోడల్. ఈ వరస తిరగబడితే డబ్బు వృథా అవుతుంది. సెకండ్‌హ్యాండ్ కొంటుంటే విండోస్ 11 అధికారికంగా ఎక్కుతుందో లేదో దుకాణంలోనే చూడండి. ఎక్కకపోతే లినక్స్‌తో మీ పని జరుగుతుందా అని ఆలోచించి ధర తగ్గించమనండి. ఆ తర్వాత నాలుగో ప్రశ్న అడగండి: ఇందులో నేను తయారుచేసేది ఏ రూపంలో ఉంటుంది, దాన్ని ఇంకో యంత్రంలో తెరవగలనా? సమాధానం తెలియకపోతే, తెలిసేదాకా అందులో ముఖ్యమైనదేదీ దాచకండి.

కొన్నాక ఏడాదికోసారి ఒక పరీక్ష పెట్టుకోండి. ఈ యంత్రం ఈరోజే పోయిందనుకుని, వేరే కంపెనీ యంత్రంలో మీ ఫొటోలు, నంబర్లు, సర్టిఫికెట్లు, లెక్కలు, రాతలు తెరిచి చూడండి. తెరుచుకోనివేవో అవే మీ బాకీ. వాటిని ఒక్కొక్కటిగా పీడీఎఫ్, యూనికోడ్ టెక్స్ట్, మామూలు స్ప్రెడ్‌షీట్ లాంటి ఉమ్మడి రూపాల్లోకి మార్చి రెండోచోట కూడా ఉంచండి. డీటీపీ పని చేసేవారైతే కొత్త పుస్తకాలనైనా యూనికోడ్‌లో కట్టడం మొదలుపెట్టండి. పాత ఫైళ్లను మార్చే పని మెల్లగా చేసుకోవచ్చు, కొత్త బాకీ పెరగకుండా ఆపడం మాత్రం ఈరోజే చేయాలి. నేర్చుకోవడంలోనూ ఇదే సూత్రం పాటించండి. ఏ మెనూలో ఏముందో బట్టీపట్టిన నైపుణ్యం ఆ ప్రోగ్రాముతోనే పోతుంది. పేజీ ఎలా కడతారు, జమాఖర్చులు ఎలా సరిపోల్చుతారు, ఒక సమస్యను మెట్లుగా ఎలా విడగొడతారు అన్న జ్ఞానం ఏ యంత్రం మీదికైనా మీతో వస్తుంది. ఇవన్నీ చేశాక మీరు అదే కంపెనీ వస్తువు మళ్లీ కొనవచ్చు, అందులో తప్పేమీ లేదు. అప్పుడు ఆ కొనుగోలు మీ నిర్ణయం అవుతుంది, మీ డబ్బు కోసం కంపెనీ ప్రతిసారీ కొత్తగా పోటీ పడాల్సి వస్తుంది.